కౌసల్య వంతు

నాట్లప్పుడు పాడుకునే పాటల్లో మనుషులు ఏ సంతోషం వెతుక్కున్నారో తెలుసుకోవాలని, తొంభై ఎనిమిదిలో గ్రేస్ అనే పరిశోధక విద్యార్థిని టేప్‌రికార్డర్ పట్టుకుని గుమ్మడిదల వచ్చింది. ఊళ్లో అందరూ నర్సింహమ్మ ఇల్లే చూపించారు.

నర్సింహమ్మ పొలంలో నాట్లు పడి ఆరేళ్లయింది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి వాగు పాడయ్యాక మడిలో ఏదీ మొలవలేదు. ఆమె తోడికోడలు కౌసల్య మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే పనికి కుదిరింది. దగ్గుతో మంచం పట్టి, మొన్న చలికాలంలో కన్నుమూసింది.

నర్సింహమ్మ మొదటి చరణం పాడి ఆగిపోయింది.

"తర్వాత, అమ్మా?" అని అడిగింది గ్రేస్.

"తర్వాతది కౌసల్య అందుకుంటది బిడ్డా. నేనెన్నడు పాడలే."

"మీకు వచ్చు కదా?"

"ఇరవై ఏండ్లు ఇన్న. రాకుండ ఎట్లుంటది?"

పాడబోయింది. రెండు మాటలు పాడి తల అడ్డంగా ఊపింది.

"నడుములు ఇరిగేటట్టు నొస్తుండె బిడ్డా. అయినా మొగోళ్ల మీద పాటలు కట్టి నవ్వుకుంట ఉంటే పొద్దే తెల్వకపోయేది. నువ్వుంటెనే నాకు మంచిగుంటదే అని దానికి ఒక్కపారన్న చెప్పకపోతి."

గ్రేస్ రికార్డర్ ఆపేసి ఆమె చేయి పట్టుకుంది. కాగితం మీద ఇంకా పదకొండు ప్రశ్నలున్నాయి. ఒక్కటీ అడగలేదు.

నర్సింహమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇగ పో బిడ్డా, బస్సు పోతది" అంది. కానీ చేయి మాత్రం వదల్లేదు.