తొంభై కార్డుల కట్ట

అర్చన సంచిలో రెండు జతల బట్టలు, టవలు, ఫోను చార్జరు పెట్టుకుంటుంటే నేను మంచం మీద కూర్చుని చూస్తున్నాను. ఆ రోజు నంద్యాలలో కార్డుల పోటీ. పేకాట కాదు, బొమ్మల సైన్యాలతో ఆడే ఆట. గెలిచినవాళ్లు సాయంత్రమే బెంగళూరు బస్సెక్కాలి. మర్నాడు అక్కడ పెద్ద పోటీ.

"ఓడిపోతే ఆ బట్టలన్నీ ఎందుకు మోసేది?" అన్నాను.

"ఓడిపోయేదాన్నయితే పోయేదెందుకవ్వా?"

అర్చన నా కొడుకు శ్రీహరి కూతురు. డిగ్రీ చదువుతోంది. ఆళ్లగడ్డలో ఈ ఆట ఆడేవాళ్లెవరూ దొరకక రెండేళ్ల కింద నాకు నేర్పింది. నేను బడికి పోలేదు. మా అంగడిలో పొట్లాలు కట్టే పాత పేపర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. చింపిన పేపర్లు కాబట్టి ఏ కథా చివరిదాకా దొరికేది కాదు. కార్డుల మీది ఇంగ్లీషును బొమ్మల సాయంతో గుర్తుపట్టేదాన్ని.

సంచి జిప్పు చప్పుడు నాకు పడదు. మా అక్క నాగేశ్వరమ్మ శ్రీశైలం పోయొస్తానని సర్దుకుని పోయింది. మా ఆయన కర్నూలు ఆసుపత్రికి పోతూ, రెండు రోజులే కదా, ఒక్క లుంగీ చాలన్నాడు. మళ్లీ ఇంటికి రాని ఆ ఇద్దరినీ వాకిట్లో నిలబడి సాగనంపింది నేనే. అందుకే ఆ రోజు ఇంట్లో ఉండలేక అర్చనతో పాటు నేనూ నంద్యాల బస్సెక్కాను.

పోటీ ఒక పుస్తకాల అంగడి మీది గదిలో. నడిపేది సురేష్. మేం పోయేసరికి ముగ్గురే తేలారు: అర్చన, కిరణ్ అనే కాలేజీ అబ్బాయి, మందుల షాపులో పనిచేసే హేమలత. హేమలతది శిరివెళ్ల. నలుగురు లేకుంటే పోటీ చెల్లదన్నాడు సురేష్.

"మా అవ్వ ఆడుతుంది," అంది అర్చన.

హేమలత పకపకా నవ్వింది. "అవ్వా, నన్ను కొంచెం చూసి కొట్టు. పొద్దున్నుంచి ఏం తినలేదు."

"ఏం తినకుండా ఎట్లుంటావే తల్లీ?" అని నా డబ్బాలోని బొరుగుల ఉగ్గాణి రెండు ముద్దలు పెట్టాను. తింటూ కూడా నన్ను ఆటపట్టించింది.

ఒక్కొక్కరికి సీలు వేసిన ఆరు ప్యాకెట్లు ఇచ్చారు. ప్యాకెట్టుకు పదిహేను కార్డులు. అక్కడే చింపి, వచ్చినవాటితోనే కట్ట తయారు చేసుకోవాలి. తక్కువంటే నలభై ఉండాలి. అందరూ మంచివి నలభై ఏరుకుని మిగతావి పక్కన పడేశారు. నా చేత కాలేదు. ఏ కార్డు తీసి పక్కన పెట్టబోయినా దాని మీది మొహం నన్నే చూస్తున్నట్టుంది. తొంభై కార్డులూ కలిపి రెండు చేతులతో పట్టుకున్నాను.

"అంత లావు కట్టలో నీకు కావాల్సింది ఎప్పుడు దొరకల్ల? యాభై తీసేయవ్వా," అన్నాడు సురేష్.

"అవేం పాపం చేసినాయప్పా?"

"సరేలే, ఎక్కువుండకూడదని రూల్లో లేదు."

చీటీలు వేస్తే మొదటి ఆటలో నాకు అర్చన పడింది, హేమలతకు కిరణ్. గెలిచిన ఇద్దరూ మళ్లీ ఆడాలి. అందులో గెలిచినవాళ్లకే బెంగళూరు.

వంతు వచ్చినప్పుడల్లా కట్ట మీది నుంచి ఒక కార్డు తీసుకోవాలి. అర్చన తన సైన్యాన్ని పంపుతూనే ఉంది. నాకు ఎక్కువగా కాపలా కార్డులే వచ్చాయి. అడ్డం పెడుతూ పోయాను.

"ఏందవ్వా, ఒక్కసారన్నా మీదికి రావా?"

"నాకీడే బాగుంది."

గంట దాటింది. అవతలి ఆటలో హేమలత గెలిచి, మా పక్కన కుర్చీ వేసుకుంది. అప్పుడు చూశాను, అర్చన కట్టలో తొమ్మిది కార్డులే మిగిలాయి. నాది ఇంకా ఇటుకంత ఉంది. తీయడానికి కార్డు లేనివాళ్లు ఓడినట్టని నాకు నేర్పింది అర్చనే. అప్పటిదాకా నేను ఆడింది తెలియక. అక్కడి నుంచి తెలిసే ఆడాను.

అర్చనకూ అర్థమైంది. ముందుకు వంగి మెల్లగా అంది. "అవ్వా, అడ్డం పెట్టాకు. నువ్వెట్లాగూ బెంగళూరు పోవు గదా."

దాని కుర్చీ కింద సంచి కనపడుతోంది. నేను ఇంకో కాపలా కార్డు అడ్డం పెట్టాను. ఆ తర్వాత ఇంకొకటి. చివరికి అర్చన చెయ్యి చాపితే కట్ట ఉండాల్సిన చోట బల్ల తగిలింది.

"తెలిసే చేస్తివి గదా?"

"ఆటంటే ఆటే గదమ్మా," అన్నాను. అబద్ధం.

రెండో ఆటకు నేను కూర్చోలేదు. "నాకు తల తిరుగుతాంది. ఆ పిల్లకే ఇచ్చేయప్పా," అన్నాను సురేష్‌తో. హేమలత నన్ను పట్టుకుని గిరగిరా తిప్పబోయి, తల తిరుగుతోందన్న సంగతి గుర్తొచ్చి ఆగింది. పోతానని అనుకోలేదట, మార్చుకునే గుడ్డలు కూడా తెచ్చుకోలేదట. వాళ్ల నాయన ఓబులేసు శిరివెళ్ల నుంచి బట్టలు తీసుకుని నేరుగా బస్టాండుకు వచ్చాడు.

మేమూ పోయాం. అర్చన నాతో మాట్లాడకపోయినా హేమలతకు నీళ్ల సీసా కొనిచ్చింది. బస్సు కదులుతుంటే ఓబులేసు చెయ్యి ఊపుతున్నాడు. నేను అర్చన చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. నాకు సంతోషంగా ఉండింది. ఆ మాట రాయక తప్పదు.

సోమవారం పొద్దున సురేష్ ఫోను చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు టీ కోసం ఆపితే, హేమలత దిగి రోడ్డు దాటుతుండగా లారీ కొట్టింది. అక్కడికక్కడే పోయింది.

వినగానే నా నోట వచ్చిన మొదటి మాట, "మన అర్చన ఇంట్లోనే ఉంది గదా." అర్చన తలుపు దగ్గరే నిలబడి ఉంది. విన్నది. ఆ తర్వాత కూడా నాకు అన్నం పెడుతోంది, బీపీ మాత్ర చేతికిస్తోంది. ఆట సంగతి మాత్రం ఎత్తదు.

శిరివెళ్ల ఓబులేసు కూతురు హేమలత, ఇరవై మూడేళ్లది, 2024 నవంబరు 16, శనివారం సాయంత్రం ఆరున్నరకు నంద్యాలలో బస్సెక్కింది. తిరిగి రాలేదు.