ఒక రోజు నిలిచిన నీళ్లు

రాగి కర్మాగారంలో ఆ వెనక షెడ్డు పద్దెనిమిదేళ్లుగా పిన్నిదే. పనివాళ్లందరికీ ఆమె పిన్నే. అక్కడి తొట్టిలో, పుల్లటి ఆమ్లపు నీళ్లలో, కంటికి ఆనని సూక్ష్మజీవులు రాతిపొడిని కొరుక్కుతిని అందులోని రాగిని నీళ్లలోకి వదిలేస్తాయి. పాలకు తోడు వేసినట్టు, పాత తొట్టిలోని నాలుగు గరిటెలు కొత్త తొట్టిలో కలిపితే చాలు, అవే పెరుగుతాయి. కానీ పిన్ని కలిపితేనే. ఆమె సెలవు పెట్టిన రెండుసార్లూ బదులు పనిచేసిన అమ్మాయి చేతిలో తొట్టి చచ్చింది. ఆ తర్వాత పిన్నికి సెలవన్న మాటే లేదు.

"నీ హస్తవాసి అలాంటిది పిన్నీ," అంటాడు మేనేజరు. ఒకప్పుడు ఆ మాటకు ఉబ్బితబ్బిబ్బయ్యేది. ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పొద్దున అక్క ఫోను చేసింది. "డాక్టరు నాకింక వారమే అన్నాడే. నా కూతురి పెళ్లికీ రాలేదు. ఇప్పుడైనా వస్తావా?"

మేనేజరు ససేమిరా అన్నాడు. "రేపు కొత్త తొట్టి మొదలుపెట్టాలి. నువ్వెళ్తే అదీ పోతుంది."

షెడ్డు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. అయినా పిన్నికి ఊపిరాడలేదు. తనను ఇక్కడ కట్టేసింది తానేనని ఆమెకు తెలుసు. తొట్టిలో పోసే కుళాయి నీళ్లలో క్రిములను చంపే మందు కలుపుతారు, అది ఈ సూక్ష్మజీవులనూ చంపేస్తుంది. ఆ నీళ్లను మూత పెట్టకుండా ఒక రోజు ఉంచితే మందు ఎగిరిపోతుంది. ఆమె రోజూ చేసేది అదే, ఎవరికీ చెప్పనిదీ అదే. మొదట్లో ఉద్యోగం పోతుందని భయం. తర్వాత గొప్ప.

పిన్ని ఆ అమ్మాయిని పిలిచి చెప్పేసింది. అమ్మాయి మొహం ఎర్రబడింది.

"రెండుసార్లు నన్ను అందరి ముందూ చేతకానిదన్నారు. నువ్వు పక్కనే నిలబడి విన్నావు కదా పిన్నీ!"

"విన్నాను. నోరు మెదపలేదు. తప్పు నాదే."

మేనేజరుకూ చెప్పింది. అతనన్నాడు: "ఇంతేనా? అయితే వెళ్లు. నిదానంగానే రా, తొందరేం లేదు."

బస్సులో కూర్చున్నాక అక్కకు ఫోను చేసింది.

"మరి నీ తొట్టో?" అంది అక్క. "నువ్వు లేకపోతే చస్తుందిగా?"

"చావదక్కా. పెళ్లికి వచ్చినా చచ్చేది కాదు," అని పిన్ని బావురుమంది.