కళ్ళు లేనివాటి దారి

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్ళు మామగారు, అత్తగారు, భర్త, పుట్టింటికి వచ్చిన ఆడపడుచు, ఆమె చంటిపిల్ల. కోడలు కూడా ఉంది గానీ, మనుషుల్ని లెక్కపెట్టే వేళకి ఆమె ఎప్పుడూ వంటగదిలో ఉంటుంది కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

ఆమె వెల్లుల్లి ఒలుస్తూ తనలో తాను గొణుక్కుంటోంది. భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని ముగ్గురు శాస్త్రవేత్తలకు జవాబులు చెప్పాలి. మెచ్చితే పరిశోధనలో సీటు ఇస్తారు. ఇప్పుడు ఆమె ఒక కాలేజీ ల్యాబులో గాజుసామాను కడిగి, వేరేవాళ్ళ ప్రయోగాలకు బ్యాక్టీరియాను పెంచి ఇస్తుంది. "అక్కడా గిన్నెలే, ఇక్కడా గిన్నెలే. ఇంటి గిన్నెలకైతే బస్సెక్కే పన్లేదు" అని భర్త ఒకసారి అంటే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆయన అన్న మాటకి కాదు, తను నవ్వినందుకు.

నిరుడు కూడా ఇలాగే పిలిచారు. ఆ ఇంట్లో పగటిపూట గది తలుపు మూసే అలవాటు లేదు. మూస్తే జబ్బు చేసినట్టు, లేకపోతే అలిగినట్టు. ఆమె తెరిచే కూర్చుంది. రెండో ప్రశ్నకు జవాబు మొదలుపెట్టగానే మామగారు బనీనుతో కెమెరా ముందుకొచ్చి, నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావమ్మా అని అడిగారు. అది ఆయన నెత్తిమీదే ఉంది. ఆ వెనకే పాలు పొంగుతున్నాయని ఒక కేక, చొక్కా ఇస్త్రీ అయిందా అని ఇంకో కేక. అవతలివాళ్ళు మర్యాదగా, మీకు వీలున్నప్పుడు చూద్దాం అన్నారు. వచ్చే ఏడు ఆ సీటుకి ఆమె వయసు దాటిపోతుంది. ఇక వీలంటూ ఉంటే అది ఈ రోజే.

"ఏంటమ్మాయ్, మంత్రం చదువుతున్నావా?" అంది అత్తగారు, చిక్కుడుకాయల పళ్ళెంతో పక్కన కూలబడుతూ.

కోడలు సిగ్గుపడుతూనే చెప్పింది. కళ్ళూ ముక్కూ లేకపోయినా బ్యాక్టీరియా తిండి ఉన్న వైపుకి ఈదుతుందనీ, విషం నుంచి పారిపోతుందనీ.

"కళ్ళు లేవు, ముక్కు లేదంటావు. మరి తీపి ఎటుందో దానికెలా తెలుస్తుంది?"

నిజానికి దానికి తెలియదు. దాని ఒంటిమీద రుచి పసిగట్టే చోట్లు ఉంటాయి. దానికున్న సన్నటి తోకలన్నీ ఒక్క కట్టగా తిరిగినంతసేపూ తిన్నగా ఈదుతుంది. ఇందాకటి కంటే ఇప్పుడు తీపి ఎక్కువైందా, అలాగే సాగుతుంది. తగ్గిందా, చేదు పెరిగిందా, కట్ట విడిపోతుంది. అది ఉన్నచోటే పల్టీ కొట్టి ఎటో ఒకవైపు తిరుగుతుంది. ఆ వైపు మంచిదో కాదో ఈదితే గానీ తెలియదు. ఇదంతా కోడలు వెల్లుల్లి రెబ్బల్ని గచ్చు మీద జరుపుతూ చెప్పింది. అత్తగారు కాయలు తుంచడం ఆపేసింది.

"చుట్టూరా చేదే ఉంటేనో?"

నిరుడు సగంలో ఆగిపోయిన ప్రశ్న సరిగ్గా ఇదే.

"అలవాటు పడిపోతుంది అత్తయ్యా. కాసేపటికి చేదన్న సంగతే తోచదు."

"అంతేలే," అంది అత్తగారు. పెళ్ళయిన కొత్తలో తనకి కుట్టుపని నేర్చుకోవాలని ఉండేదట. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదట.

కోడలు తన సంగతి తలుచుకుంది. తను అలవాటు పడ్డ ప్రతిసారీ ఓడిపోయాననే అనుకుంది. నవ్వినప్పుడూ, చల్లారిన అన్నం తిన్నప్పుడూ, జీతం వచ్చిన రోజు కూడా నీకేం కావాలని ఎవరూ అడగనప్పుడూ. కానీ ల్యాబులో రోజూ తను చూసే జీవి ఓడిపోదు. పాత చేదు దగ్గరే మనసు ఆగిపోతే కొత్త తేడా ఎలా తెలుస్తుంది? అలవాటు పడింది కాబట్టే, ఏ పక్కన రవ్వంత చేదు తగ్గినా పసిగడుతుంది. ఉండిపోవడానికి కాదు, కదలడానికే ఆ అలవాటు. ఆ మాటే పైకి చెప్పింది.

అత్తగారు పళ్ళెం దగ్గరికి లాక్కుంది. "అయితే ముసలి బ్యాక్టీరియాకి కూడా ఆశ ఉందన్నమాట," అని మళ్ళీ కాయలు తుంచింది.

భోజనాలయ్యాయి. ఆడపడుచు కునుకు తీస్తోంది. భర్త చంటిపిల్లను తెచ్చి, "ఎలాగూ కూర్చునేదేగా, ఒళ్ళో పడుకోబెట్టుకో" అన్నాడు. అలవాటుగా చేతులు చాచబోయి ఆగింది కోడలు.

"ఇప్పుడు కుదరదు. మీరే ఎత్తుకోండి."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. గదిలోకి వెళ్ళింది. పగలెన్నడూ మూయని తలుపు కాబట్టి దాని వెనక విడిచిన బట్టల బుట్ట ఉంది. దాన్ని పక్కకు జరిపి తలుపు మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇప్పుడు మూస్తే ఏమనుకుంటారు?

"ఏంటమ్మా, అలిగిందా?" హాల్లోంచి భర్త అడిగాడు.

గుమ్మం దగ్గరికి వచ్చింది అత్తగారు. "అలగలేదు, జబ్బూ చెయ్యలేదు. దానికి పనుంది. పొయ్యి మీద పాలున్నాయి, నువ్వు చూడు. మీ నాన్న కళ్ళజోడు నెత్తిమీదే ఉందని కూడా చెప్పు."

అని, బిగువుగా ఉండే ఆ తలుపుని రెండు చేతులతో లాగి, కోడలి ముఖం మీదే మూసేసింది.