అచ్చియమ్మ ఒంపిన నది

వానలు పడి అర్పా నది నిండిందంటే తార్‌బహార్ రైల్వే క్వార్టర్ల లైన్లో, ఉత్తరాదికి బతకడానికి పోయిన ముగ్గురు తెలుగువాళ్ళకి ఆదివారం ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఒకడు గూడ్సు గార్డు రమణమూర్తి. రెండో మనిషి అతని అప్ప అచ్చియమ్మ. మూడోవాడు లోకో షెడ్డులో ఫిట్టరు బంగార్రాజు. పొద్దున్నే చద్దన్నం తిని, గొడుగులు పట్టుకుని, టాంగా మాట్లాడుకుని మోప్కా రేవుకి పోయేవారు. అక్కడ బల్లకట్టు ఎక్కి అవతలి ఒడ్డుకి దాటేవారు. అవతల కాసేపు నిలబడి, మళ్ళీ అదే బల్లకట్టు మీద ఇవతలికి వచ్చేవారు. వచ్చి మళ్ళీ ఎక్కేవారు.

"అవతల మీకేటి పని?" అని లైన్లో వాళ్ళు అడిగేవారు.

"పనేటీ లేదు. దాటడానికే ఎల్తాం" అనేవాడు రమణమూర్తి. వారమంతా పట్టాల మీద తిరిగే మనిషికి, దారిని ముందే ఇనుముతో గీసి పెట్టని ప్రయాణమంటే ప్రాణం.

రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన కట్టి, పైన దళసరి బల్లలు పరిస్తే అదే బల్లకట్టు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి బిగించిన ఇనుప తాడు పట్టుకుని కేవట్లు, అంటే అక్కడి పడవవాళ్ళు, లాగితే నడిచేది. ఊళ్ళోకి మోటారు కార్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కారు బల్లకట్టు ఎక్కుతున్నప్పుడు బంగార్రాజు ఊపిరి బిగబట్టేవాడు. ముందు చక్రాలు బల్లల మీద పడగానే బల్లకట్టు ఒక పక్కకి ఒరిగి, మూలిగి, మళ్ళీ సర్దుకునేది. అప్పుడతను పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినవాడిలా కారు చుట్టూ తిరిగేవాడు.

అచ్చియమ్మ ఫోటోలు తీసేది. ఇంగ్లండు వెళ్ళిపోతున్న డ్రైవరు దొర దగ్గర రమణమూర్తి ఒక డబ్బా కెమెరా కొన్నాడు. అతని చేతిలో అది ఎప్పుడూ వంకరగానే తీసేది. అచ్చియమ్మ దాన్ని పొట్టకి ఆనించుకుని, తల వంచి, పైనున్న చిన్న అద్దంలోకి చూస్తూ నిలబడితే మాత్రం నది కూడా కాస్త సర్దుకుని నిలబడినట్టుండేది. చిన్న వయసులోనే మొగుడు పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి. బొట్టు లేని నుదురు, బోసి చేతులు. నవ్వితే మాత్రం ఇల్లు నిండిపోయేది.

ఆమె తీసిన ఫోటోల్లో నీళ్ళు ఆగేవి కావు. స్టేషను దగ్గర ఫోటో దుకాణం ఘోష్ బాబు వాటిని మైనపు గుడ్డలో చుట్టి, "తడవకుండా పట్టుకెళ్ళండి దీదీ" అని ఇచ్చేవాడు. వాటిలో రెండు ఒడ్డులూ పడిన ఫోటో ఒకటి ఉంటే పెద్దది చేయించి, చట్రం కట్టించి వసారా గోడకి తగిలించారు. కింద ఒక ఇత్తడి పళ్ళెం పెట్టారు, చుక్కలు పడతాయని. ఆ ఫోటోలో అర్పా పారుతూ ఉండేది. బల్లకట్టు ఆ నిమిషానికి రేవులో ఎక్కడుంటే గోడ మీద కూడా అక్కడే ఉండేది. వేసవిలో నది ఎండిపోతే పళ్ళెంలో ఇసుక రాలేది, అచ్చియమ్మ పొద్దున్నే ఊడ్చి పారబోసేది. మోప్కా వైపు పనున్న వాళ్ళు టాంగా ఎక్కే ముందు గుమ్మంలోకి తొంగి చూసేవారు.

"అచ్చియమ్మా, బల్లకట్టు ఎటుంది?"

"ఇటే ఒస్తంది. బేగి ఎల్లండి."

అంతకు మించి ఆ ఫోటో గురించి ఎవరూ ఏమీ మాట్లాడుకునేవారు కాదు.

ఆ ఏడు రేవు పాట ఝుముక్‌లాల్ అనే కొత్త ఠేకేదారు, అంటే గుత్తేదారు, పాడుకున్నాడు. శ్రావణంలో ఒక ఆదివారం మన ముగ్గురూ బల్లకట్టు మీద ఉండగా ఒక మాల్‌గుజార్ కారు ఎక్కింది. మాల్‌గుజార్ అంటే మన వైపు జమీందారు లాంటివాడు. బల్లకట్టు ఒడ్డు వదిలి కొంత దూరం పోయాక కారులోంచి ఆయన అచ్చియమ్మని చూశాడు.

"కచేరీలో వాయిదాకి పోతున్నాను. ఎదురుగా రాండ్‌ని కూర్చోబెడతావా?" అని ఠేకేదారు మీద అరిచాడు. అక్కడి వాళ్ళు విధవని అలాగే అంటారు. తిట్టాలన్నా అదే మాట.

ఠేకేదారు బల్లకట్టుని వెనక్కి లాగించాడు. తాడు లాగేవాళ్ళలో పెద్దవాడు బుధారు, "ఏటి నడుమ దాయిని ఎలా దింపుతాం మాలిక్?" అన్నాడు. దాయి అంటే అమ్మ. ఠేకేదారు వినలేదు. ఒడ్డు ఇంకా అందకుండానే అచ్చియమ్మని మోకాలి లోతు బురదలోకి దింపేశాడు.

ఆమె కెమెరాని తలమీద పెట్టుకుని బురదలో నిలబడి, వచ్చీరాని హిందీలో గట్టిగానే అడిగింది. "బ్రేకుల్లేని మోటారుకి భయపడాలి గానీ, బొట్టు లేని ఆడదానికి భయమెందుకయ్యా?"

రమణమూర్తీ బంగార్రాజూ కూడా దూకేసి ఆమె పక్కన నిలబడ్డారు. కారు మనిషి కిటికీ తెర దించుకున్నాడు.

మాల్‌గుజార్ ఆ కేసు ఓడిపోయాడు. ఓడిపోక ఏమవుతాడు? పక్కవాడి గట్టు జరిపి దున్నుకున్నాడని ఊరూరికీ తెలుసు. కానీ నెపం అచ్చియమ్మ మీదే పడింది. మర్నాడే రేవులో బోర్డు లేచింది, విధవలు బల్లకట్టు ఎక్కకూడదని. గేదెలు ఎక్కొచ్చు. మేకలు ఎక్కొచ్చు. తాగి తూలేవాడు ఎక్కొచ్చు. మొగుడు పోయిన ఆడది మాత్రం నది దాటకూడదు.

పరాయివాళ్ళ సంగతి సరే, మన వాళ్ళు ఏమన్నారనుకున్నారు? పక్క క్వార్టర్ అప్పయమ్మ, తనూ మొగుడు పోయినదే, వసారాలో కూర్చుని ఒత్తులు చేసుకుంటూ, "మరేటి సేస్తాం అచ్చియమ్మా! శాస్త్రం అలగే ఉంది కదా. మన పెళ్ళిళ్ళలో మనం ఎదురొస్తామేటి?" అంది.

"నేను పెళ్ళికెల్లలేదు. నదికెల్లేను" అంది అచ్చియమ్మ.

ఆ పై ఆదివారం రమణమూర్తి చెప్పులు కొనాలని బయటికి పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అచ్చియమ్మ వంటింట్లోంచి వచ్చింది. అతని కాళ్ళకంటిన నల్లబురద వైపు చూసింది.

"దాటొచ్చేవేటి?"

అతను బురద ఇంకా గట్టిగా రుద్దుకున్నాడు.

"చెప్పరా. నన్ను దించీసిన బల్లమీద నువ్వెక్కి దాటొచ్చేవా?"

"అలవాటప్పా... కాళ్ళు అటే లాగీసేయి. ఒక్కసారే."

"నిన్ను గోడ మీద చూసేనురా. ఆ కారు పక్కన నిలబడి బంగార్రాజుతో నవ్వుతన్నావు. నా గుండె మీద నిలబడి నవ్వినట్టుంది."

ఆ రోజు ఆమె అన్నం వార్చలేదు. రమణమూర్తి సాయంత్రం దాకా గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. తర్వాత రమణమూర్తీ బంగార్రాజూ ఆ రేవు మొహం చూడలేదు. బంగార్రాజు ఆదివారాలు షెడ్డుకే పోయి, పని లేకపోయినా ఇంజన్లు తుడిచేవాడు.

అచ్చియమ్మకి కోపం దిగలేదు. తన గురించే అయితే దిగేదేమో. చిన్నతల్లి సంగతి వచ్చిపడింది.

చిన్నతల్లి గ్యాంగ్‌మన్ పైడిరాజు పెళ్ళాం. కిందటి వానల్లో పైడిరాజు అర్పా మీద రైలు వంతెన చూసుకుంటూ జారి పడి చనిపోయాడు. ఆ గుంటపిల్లకి ఇంకా ఇరవై నిండలేదు. క్వార్టర్ వదిలి, అత్త అప్పలనర్సమ్మని తీసుకుని నది అవతల మోప్కాలో గుడిసె వేసుకుంది. ఇద్దరూ కూలికి పోయేవారు, దొరికిన నాడు తినేవారు. అచ్చియమ్మ ఆసుపత్రి డాక్టరమ్మ ఇంటికి ఎన్నిసార్లో తిరిగి, ఆయా పని ఒకటి ఆ పిల్లకి ఇప్పించింది. "సోమవారం మధ్యాహ్నం లోపల డ్యూటీకి రావాలి. రాకపోతే ఇంకొకామె కాచుకుని ఉంది" అంది డాక్టరమ్మ. ఆ కబురు బుధారు మోసుకెళ్ళాడు.

సోమవారం పొద్దున్న అచ్చియమ్మ వసారాలో బియ్యం ఏరుతూ తలెత్తి చూస్తే, ఫోటోలో అవతలి ఒడ్డున చిన్నతల్లి కనిపించింది. నెత్తిన గుడ్డమూట. సన్నగా వాన. బల్లకట్టు ఆ ఒడ్డుకి చేరింది. గేదెలు దిగాయి, పాలవాళ్ళు దిగారు. చిన్నతల్లి ముందుకొచ్చింది. ఠేకేదారు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పిల్ల దండం పెట్టింది. అతను బోర్డు వైపు చూపించాడు. బల్లకట్టు ఆ పిల్లని వదిలేసి ఇవతలికి వచ్చేసింది.

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వదిలేసింది. ఈసారి బుధారు తాడు వదిలేసి ఏదో అన్నాడు. ఠేకేదారు అతని చెంప మీద కొట్టాడు.

"రైలు వంతెన మీంచి రాకూడదేటి?" అని అడిగింది అప్పుడే వచ్చిన అప్పయమ్మ.

"దాని మొగుడు సచ్చిపోయింది ఆ వంతెన మీదే. పైగా కాపలావాడు మనిషిని అడుగెయ్యనివ్వడు" అంది అచ్చియమ్మ. చేట కింద పెట్టేసింది.

ఒకరొకరుగా లైన్లో ఆడవాళ్ళు వసారాలోకి చేరారు. గోడ మీద ఆ పిల్ల తడుస్తూ నిలబడే ఉంది. మూట నెత్తి మీంచి దించి పొట్టకి హత్తుకుంది, లోపలి చీర తడవకుండా. అప్పయమ్మ గోడ దగ్గరికి జరిగింది. "ఓలమ్మా, ఆ గుంట ఒణికిపోతంది. ఆడికి కళ్ళు లేవేటి?" అంది.

డ్యూటీ దిగి వచ్చిన రమణమూర్తి చూశాడు. "నేనెల్లి ఆడి పీక పట్టుకుంటాను" అని చొక్కా చేతులు మడిచాడు.

"నువ్వెల్లి ఆడితో తగువాడీసరికి మధ్యాన్నం అయిపోద్ది" అంది అచ్చియమ్మ.

అప్పుడే మాల్‌గుజార్ కారు ఇవతలి ఒడ్డున బల్లకట్టు ఎక్కింది. ఠేకేదారు గొడుగు పట్టుకుని కారు పక్కన నిలబడ్డాడు. బల్లకట్టు కదిలింది. అది నది నడిమికి వచ్చేదాకా అచ్చియమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత పీట వేసుకుని ఎక్కి, ఫోటోని మేకు మీంచి తీసింది.

"తొట్టి తెండి" అంది.

చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, కుండలో నీళ్ళు ఒంపినట్టు ఒక మూలకి ఒంపింది.

ముందు ధారగా పడ్డాయి. తర్వాత తూములోంచి దూకినట్టు దూకాయి. తొట్టి నిండింది. గంగాళం నిండింది. రమణమూర్తి బకెట్లు అందిస్తుంటే ఆడవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని వీధిలో కాలవలో పారబోశారు. అప్పయమ్మ పరుగున ఇంటికి పోయి, పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తియ్యని పెద్ద గుండిగని దొర్లించుకుంటూ తెచ్చింది. షెడ్డు నుంచి బంగార్రాజు, ఇంకా మసి కడుక్కోకుండానే, నూనె పీపాలు భుజాన పెట్టుకుని వచ్చాడు. ఎర్రమట్టి నీళ్ళు వసారా దాటి, లైను దాటి, తార్‌బహార్ వీధుల వెంట పోయాయి. చిన్న చేపలు గచ్చు మీద ఎగిరాయి. అచ్చియమ్మ చేతులు లాగేస్తున్నా చట్రం వదల్లేదు. ఏడేళ్ళుగా తను కళ్ళనిండా చూసుకున్న నది అలా వీధి పాలవుతుంటే, కళ్ళు తుడుచుకోడానికి కూడా ఆమెకి చెయ్యి ఖాళీ లేదు.

"సాలప్పా, సాలు! నేల కనిపిస్తంది" అని అరిచాడు రమణమూర్తి.

అందరూ చట్రం మీదికి వంగారు. నిండు శ్రావణంలో అర్పా అడుగు తేలింది. తడి ఇసుక, అక్కడక్కడ చీలమండల లోతు నీళ్ళు. నది నడిమధ్య బల్లకట్టు ఇసుకలో కూర్చుని, ఒక పక్కకి ఒరిగి ఉంది. కారు ముందు చక్రాలు బల్లల మీంచి జారి ఇసుకలో కూరుకుపోయాయి. ఠేకేదారు గొడుగు ఊపుతూ ఎవరినో పిలుస్తున్నాడు.

అవతలి ఒడ్డున చిన్నతల్లి కాసేపు కదల్లేదు. తర్వాత మూట నెత్తిన పెట్టుకుంది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. ఒక కాలు ఇసుకలో పెట్టి చూసి, రెండోది పెట్టింది. నడక మొదలెట్టింది. బల్లకట్టు పక్కనుంచి వస్తుంటే ఠేకేదారు ఆమె మీద ఏదో అరిచాడు. ఏమన్నాడో ఫోటోలో వినపడదు. ఆ పిల్ల తల తిప్పలేదు. తాడు దగ్గరున్న బుధారు మాత్రం నెత్తిన తలపాగా తీసి పక్కకి తొలిగి దారిచ్చాడు.

ఆమె ఇవతలి గట్టెక్కాక అచ్చియమ్మ చట్రాన్ని గోడకి ఆనించి, తడి గచ్చు మీద కూలబడిపోయింది.

బంగార్రాజు టాంగా తీసుకుని ఎదురెళ్ళాడు. ఆసుపత్రి గేటు దగ్గర అప్పయమ్మ తన పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర పట్టుకుని నిలబడి ఉంది. చిన్నతల్లి వెనక్కి తగ్గి, "రంగు చీర నేను కట్టకూడదు కదా పెద్దమ్మా" అంది.

"కట్టుకోవే. ఎవడేటంటాడో నేను చూస్తాను" అంది అప్పయమ్మ.

చిన్నతల్లి లోపలికి వెళ్ళేసరికి ఇంకా మధ్యాహ్నం కాలేదు.

సాయంత్రానికి ఎగువ వానలతో అర్పా మళ్ళీ నిండింది. ఠేకేదారు ఊరంతా చెప్పుకు తిరిగాడు, ఒక విధవ కాలు పెట్టబట్టే నది ఇంకిపోయిందని. ఈ ఒక్కసారికి ఆ మాట సగం నిజమే, కాకపోతే కాలు కాదు, చెయ్యి. కానీ అతనికి బుద్ధి మాత్రం రాలేదు. బోర్డుకి కొత్తగా రంగు వేయించాడు. బుధారు రేవు మానేసి సిర్గిట్టి గోదాముల్లో మూటలు మోసుకోడానికి పోయాడు. న్యాయం అడిగినవాడికి ఆ కాలంలో దొరికింది అదే.

ఫోటోలో మాత్రం మళ్ళీ నీళ్ళు రాలేదు. ఇసుక, ఒరిగిన బల్లకట్టు, అలాగే ఉండిపోయాయి. అచ్చియమ్మ పళ్ళెం తీసేసింది. కెమెరాని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టింది. "కొత్త ఫిలిం కొందామా అప్పా?" అని రమణమూర్తి అడిగితే, "నన్ను ఎక్కించుకోని నదిని నేనెందుకు తీస్తానురా?" అంది.

చిన్నతల్లి ఆయాగా చేరి, పురుళ్ళ గదిలో పని నేర్చుకుని, డాక్టరమ్మ కుడిచెయ్యి అయింది. అత్తని మోప్కా నుంచి తెచ్చుకుని తార్‌బహార్లోనే ఉంచుకుంది. ఆ లైన్లో పుట్టిన పిల్లల్లో సగం మందిని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. పురిటికి వెళ్ళేటప్పుడు ఆమె ఎదురొస్తే శుభమని అనుకునేవారు.

నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు మాటల్లో పడి నొప్పి మరవాలని ఆమెని ఏవేవో అడిగేవారు. మోప్కా నుంచి నిండు వరదలో ఎలా వచ్చేవమ్మా, బల్లకట్టు ఎక్కనిచ్చేరా, అని.

"ఎక్కనివ్వలేదు" అనేది చిన్నతల్లి, వేణ్ణీళ్ళలో చేతులు కడుక్కుంటూ. "నడిసొచ్చేను."