వెనక సీటు పిడి

విమానం మంటల్లో ముక్కలైపోవడం చూస్తే అల్లుడికి ప్రాణం లేచొచ్చేది. పొద్దున కాఫీ తాగి మేడమీది గదిలో కూర్చున్నాడంటే ఒకే విమానాన్ని కాల్చిందే కాలుస్తూ ఉండేవాడు. రెక్కకు గుళ్లు తగిలితే రేకు ఎటువైపు చీలాలి, నూనె గొట్టం పగిలితే గాజు మీదికి ఎలా చిమ్మాలి, మంట ఇంజిన్లోంచి సీట్లదాకా ఏ సందున పాకాలి, ఇదే అతని పని. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానాలు నడుపుకునే మారాజులు లోకంలో బోలెడుమంది. వాళ్ల సిమ్యులేటర్లలో పెట్టుకోవడానికి పాతకాలపు యుద్ధవిమానాలను ఉన్నవి ఉన్నట్టు తయారుచేసి అమ్మేవాడు ఇతను. రెక్క మీద రేకు బిగించే ఒక్క రివెట్టు పక్కకు జరిగిందని తెలిస్తే ఆ పూట అన్నం దిగేది కాదు. భార్య అతనికి 'రివెట్టు' అని పేరు పెట్టి, నలుగురిలో కూడా అలాగే పిలిచేది. మొగుడికి రోషం రాకపోగా, ఆ పేరుతోనే సరుకు అమ్ముకోవడం మొదలుపెట్టాడు.

ఈసారి చేసింది రెండు సీట్ల దాడి విమానం. ముందు పైలట్, వెనక అతని వీపుకు వీపు పెట్టి తుపాకీవాడు. యాభై ఏళ్ల కిందటి యుద్ధంలో అది రోడ్ల మీద లారీలను కాల్చేది, లారీల కింద దూరిన మనుషులను కూడా ఏరి ఏరి కాల్చేది. అబ్బో, దాని పుణ్యం అంతా ఇంతా కాదు! ఈ మహాతల్లినే ఎందుకు ఎంచుకున్నాడంటే, దాన్ని నడిపిన మనిషి కింది గదిలోనే ఉన్నాడు. భార్య తండ్రి, సాక్షాత్తూ మామగారు.

మామగారు యుద్ధం గురించి పెద్దగా చెప్పేవాడు కాదు. గుచ్చి గుచ్చి అడిగితే ఆఖరిరోజు సంగతి మూడు ముక్కల్లో తేల్చేవాడు. "మంటలంటుకున్నాయి. దూకమని చెప్పా. కప్పు తెరుచుకోవట్లేదన్నాడు. నేను దూకా." అంతే. వెనక సీటువాడు గాజు కప్పు కింద నిలువునా కాలిపోయాడు. అప్పటికి వాడి పెళ్లాం నెల తప్పి ఉంది. పరామర్శకు వెళ్లిన మామగారి ముఖాన ఉమ్మేసి, "నువ్వు చెప్పే ఉండవు, చెప్పకుండానే దూకేసుంటావు" అంది. అవును, ఎవరు చూడొచ్చారు! ముసలాయన మాట తప్ప ఇంకో సాక్ష్యం లేదు. ఆ ఒక్క మాట, 'దూకమని చెప్పాను' అన్న మాట, పట్టుకునే ఆయన ఇన్నేళ్లూ బతికాడు.

కడుపులో ఉన్న బిడ్డ పెరిగి పెద్దవాడై కూల్చివేతల మేస్త్రీ అయ్యాడు. పాత బిల్డింగులు కొట్టి పడెయ్యడం వాడి వృత్తి. రివెట్టు ఇంటర్నెట్లో పెట్టిన ఆ విమానం వీడియో చూసి, "మా నాన్న కూర్చున్న సీటు చూడాలి" అని కబురు పెట్టాడు.

"వద్దు," అంది భార్య. "కొరివితో తల గోక్కోకు."

"ఏం కాదే. కొడుకే వచ్చి తండ్రి సీట్లో కూర్చున్నాడంటే ఎంత పేరొస్తుందో తెలుసా?"

"నీ పేరు తగలెయ్య! మా నాన్న సంగతి ఆలోచించావా?"

ఆలోచించలేదు. తన పనితనం చూపించుకోవాలన్న యావ తప్ప ఆ నిమిషంలో అతని బుర్రలో ఇంకేమీ లేదు. పైగా మామగారు కూడా, "రానీరా. చూసే హక్కు వాడికుంది" అన్నాడు.

మేస్త్రీ ఆదివారం పొద్దున వచ్చాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెలుతురు ఆగిపోయేంత మనిషి. నమస్కారం లేదు, పలకరింపు లేదు. మేడమీది గదిలో రెండు కుర్చీలు వీపుకు వీపు వేసి ఉన్నాయి. ముందుదాంట్లో మామగారు, వెనకదాంట్లో మేస్త్రీ. ఇద్దరి తలలకూ, కళ్లు కప్పేసి విమానంలోనే కూర్చున్నట్టు చూపించే హెడ్‌సెట్లు తగిలించి, మేస్త్రీ చేతికి కంట్రోలర్ ఇచ్చి, రివెట్టు ఆట మొదలుపెట్టాడు.

ఆట అనుకున్నది అతనొక్కడే. కింద రోడ్డు కనబడగానే ముసలాయన మెడనరాలు బిగుసుకున్నాయి. లారీలు పేలాయి. మనుషులు మిడతల్లా చెదిరారు. తరవాత నేల మీంచి గుళ్లొచ్చి విమానం పొట్టలో దిగబడ్డాయి, ఇంజిన్ దగ్గింది, సీటు కింద మంట లేచింది. మామగారు కుర్చీలోంచి సగం లేచి, ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. "దూకు! దూకరా!"

మేస్త్రీ చెయ్యి చాపి పక్కనున్న ఉక్కు పిడి లాగాడు. గాజు కప్పు నున్నగా వెనక్కి జరిగింది. పైన నీలంగా ఆకాశం.

మేస్త్రీ హెడ్‌సెట్ తీసేశాడు. "తెరుచుకుంది," అన్నాడు.

 ఆ పిడిని చేసింది రివెట్టే. ఒకే ఒక్క విమానం పూర్తిగా మిగిలి ఉన్న పాత షెడ్డుకు వెళ్లి, టేపు పెట్టి కొలిచి, ఫోటోలు తీసుకొచ్చి చేశాడు. అది తెరుచుకుంటుందని తెలుసు. తెరుచుకుంటే దానర్థం ఏమిటో మాత్రం ఇంతవరకూ తట్టలేదు!

"తెరుచుకుందా?" అన్నాడు మామగారు.  "అంత సులువుగానా? అయితే... నేను చెప్పలేదేమో. చెప్పాననుకున్నానేమో."

ఆ మాట పూర్తి కాకుండానే మేస్త్రీ చేతి మొదటి దెబ్బ పడింది. దవడ ఎముక విరిగిన చప్పుడు రివెట్టుకు స్పష్టంగా వినబడింది. కుర్చీతో సహా వెనక్కి పడిన ముసలాయన్ని చొక్కా పట్టి లేపి మళ్లీ కొట్టాడు, పక్కటెముకల మీద తన్నాడు. అడ్డం వెళ్లిన రివెట్టును ఒంటిచేత్తో విసిరేస్తే వెళ్లి తెర మీద పడ్డాడు, తెర పగిలి వీపులో గుచ్చుకుంది. మామగారు ఒక్క చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. దెబ్బ దెబ్బకూ తలాడిస్తున్నాడు, పాఠం ఒప్పజెబుతున్న పిల్లాడిని మెచ్చుకుంటున్నట్టు. చివరికి భార్య మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె మేస్త్రీ తలకేసి బాదింది. నెత్తురు కళ్లలోకి కారుతుంటే వాడు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆస్పత్రిలో మామగారు పోలీసులకు ఏమీ చెప్పనన్నాడు. కట్టిన దవడలోంచే నంగి నంగిగా, "వాడు కొట్టింది న్యాయమే" అన్నాడు. గొట్టంతో పోసే పాలు కూడా వద్దని ఆ గొట్టాన్ని పెరికేశాడు. చచ్చిపోదామనే ఆయన నిర్ణయం. డాక్టరు బయటికొచ్చి అదే మాట చల్లగా చెప్పాడు.

భార్య వరండాలోనే రివెట్టు చెంప ఛెళ్లుమనిపించింది. "మా నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. నీ బొమ్మే అబద్ధం. పో, ఎక్కడ తప్పు చేశావో చూసుకో. అప్పటిదాకా నా కంటికి కనబడకు!"

అతను సరాసరి షెడ్డుకు వెళ్లాడు. కిందటిసారి కొలతలకు వచ్చినప్పుడు అక్కడి మెకానిక్ కంటి ఆపరేషన్‌కు వెళ్లి ఊళ్లో లేడు. కాపలావాడు తాళం తీస్తే అదే మహాప్రసాదమని కొలుచుకుని పోయాడు. ఈసారి మెకానిక్ ఉన్నాడు. రివెట్టు పిడి గురించి అడిగితే ఆయన నల్లకళ్లజోడు పైకెత్తి వింతగా చూశాడు.

"ఇది యుద్ధం అయిపోయాక వచ్చిన విమానమయ్యా. మీ మామగారి కాలంనాటివాటికి ఈ ఉక్కు పిడి ఎక్కడిది? కప్పు గడియ తీయడానికి నవారు పట్టీ ఉండేది. అది సీటు కిందనుంచి, పెట్రోలు గొట్టం పక్కనుంచి పోయేది. మంటొస్తే ముందు కాలేది అదే. ఎంతమంది కుర్రాళ్లు పోయాకో ఈ పిడి పెట్టారు."

రివెట్టు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. అయ్యో, అయ్యో! ఈ పనిలో పడ్డవాడు తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు ఇది. తరవాత పుట్టిన విమానాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, దాని మీద మామగారి విమానం నంబరు రాశాడు. కొలత ప్రతీదీ నిజమే, అన్నీ కలిపితే అబద్ధం.

అక్కడే లాప్‌టాప్ తెరిచి పిడి తీసేసి పట్టీ పెట్టాడు, మంట రాగానే తెగేట్టు చేశాడు. పరుగున ఆస్పత్రికి పట్టుకెళ్లి మామగారికి చూపించాడు. ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.

"మొన్న తెరుచుకుంది. ఇవాళ తెరుచుకోవట్లేదు," అన్నాడు. "రేపు నీ పెళ్లాం ఇంకాస్త ఏడిస్తే అందులో నన్ను చిన్నపిల్లాణ్ణి కూడా చేస్తావు. వెళ్లు నాయనా."

ఆ మాటకు అల్లుడికి ఏడుపొచ్చింది. ఎన్నో ఏళ్లు కష్టపడి నేర్చిన విద్య, ఇంత చిన్న నిజం చెప్పడానికి పనికిరాకుండా పోయింది. తను చెబితే ఆయన నమ్మడు. కూతురు చెబితే ప్రేమకొద్దీ అంటుందనుకుంటాడు. ఆయన నమ్మే నోరు లోకంలో ఒక్కటే ఉంది, అది మేస్త్రీది.

మేస్త్రీ ఒక పాత గోడౌన్ కూల్చే పనిలో ఉన్నాడు. తలకు కట్టు, చేతిలో పెద్ద సుత్తి. రివెట్టును చూడగానే సుత్తి పక్కన పడేసి, దుమ్ములోనే పిడికిలితో మూతి మీద గుద్దాడు. ముందుపళ్లు రెండు ఊడి చేతిలోకొచ్చాయి. అతను నెత్తురు ఉమ్మి మళ్లీ లేచి నిలబడ్డాడు.

"ఇంకోటి కూడా కొట్టు," అన్నాడు. "కానీ నాతో రా. నేను చూపించింది తప్పు విమానం. అసలుది చూపిస్తా."

"ఎందుకు రావాలి?"

"నువ్వు కొడుతుంటే మా మామ చెయ్యి కూడా ఎత్తలేదు. అది నిన్ను నిద్రపోనిస్తోందా?"

మేస్త్రీ కళ్లు ఉబ్బి ఉన్నాయి. వచ్చి వ్యాన్ ఎక్కాడు.

షెడ్డు మూల ఇనప తుక్కులో మామగారి కాలంనాటి విమానం వెనకభాగం ఒకటి పడి ఉంది. సీటూ గాజు కప్పూ పట్టీ అన్నీ ఉన్నాయి. మేస్త్రీ అందులోకి దూరాడు. భుజాలు ఇరుక్కున్నాయి. "మూసెయ్," అన్నాడు. మెకానిక్ కప్పు మూసి, సీటు అడుగునుంచి పట్టీ బయటికి కనబడేచోట మంట చిమ్మే బ్లోల్యాంప్ పెట్టాడు. గుక్క తిప్పుకునేంతలో పొగొచ్చింది.

మేస్త్రీ పట్టీ లాగాడు. పట్టీ ఊడి చేతిలోకొచ్చింది.

కాసేపు దాన్నే చూశాడు. తరవాత కప్పును పిడికిలితో గుద్దాడు. మోచేత్తో పొడిచాడు. గోడలు కూల్చే చేతులవి, మేడలను నేలమట్టం చేసిన చేతులు. గాజు లోపలంతా నెత్తురు పూసుకుంది కానీ బీట కూడా పడలేదు. ఇరుకులో చెయ్యి వెనక్కి లాగి బలంగా కొట్టే వీలే లేదు. మెకానిక్ మంట ఆర్పేసినా వాడికి తెలియలేదు. పొగలో దగ్గుతూ, తలతో కుమ్ముతూ, "తియ్యండి, తియ్యండి" అని కేకలు పెట్టాడు. ఇద్దరూ కలిసి బయటినుంచి గడియ తీసి లాగితే, దూడను ఈడ్చినట్టు ఈడ్చాల్సి వచ్చింది. నేల మీద పడి వాంతి చేసుకున్నాడు. చెయ్యి తెరవమన్నా తెరవలేదు, అందులో కాలిన పట్టీ ముక్క ఉంది.

దాన్ని అలాగే పట్టుకుని ఆస్పత్రి గదిలోకి వచ్చాడు. కూతురు తండ్రికి అడ్డంగా నిలబడింది. వెనక అల్లుడు, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని.

"సార్," అన్నాడు మేస్త్రీ. "కూర్చుని చూశా. చేత్తో లాగి చూశా. ఊడొస్తుంది. మీరు చెప్పే ఉంటారు. చెప్పినా లాభం లేదు." పట్టీని దుప్పటి మీద పెట్టాడు.

ముసలాయన దాన్ని వేళ్లతో తడిమాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. "చెప్పాను," అన్నాడు. "చెప్పాను కదూ! దేవుడా, చెప్పాను." కూతురు గబగబా పాల గ్లాసు అందుకుంది. గండం గడిచిందనుకున్నాడు అల్లుడు. నెత్తిమీంచి కొండ దిగినట్టయింది.

మామగారు గ్లాసు పక్కకు నెట్టి మేస్త్రీనే చూస్తున్నాడు. "అయితే నువ్వు నన్ను లేని తప్పుకు కొట్టావు," అన్నాడు.

"తప్పయింది సార్."

"ఉన్న తప్పుకు ఇంకా కొట్టలేదు. విను. మీ అమ్మకు కూడా చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. కప్పు తెరుచుకోవట్లేదన్నాక మీ నాన్న ఇంకో మాట అన్నాడు. దూకకండి సార్, అన్నాడు. నన్ను ఒక్కణ్ణి చెయ్యకండి సార్, కింద ఏటి ఇసక కనబడుతోంది, అక్కడ దించండి, అన్నాడు. నాకూ కనబడింది. దించగలిగేవాణ్ణే అనుకుంటా. మంట నా కాళ్లదాకా వచ్చింది. నేను దూకా."

 కూతురి చేతిలో పాలు ఒలికి నేల మీద పడుతున్నాయి. అల్లుడికి ఆ మాట మనసులోంచి ఎటూ పోవడం లేదు. ఏళ్ల తరబడి ఆ విమానాన్ని ఎన్నిసార్లు కాల్చాడో లెక్కలేదు, ఒక్కసారి కూడా వెనక సీటువాడికి గొంతు పెట్టాలని తోచలేదు.

"ఇప్పుడు కొట్టు," అన్నాడు మామగారు.

మేస్త్రీ పిడికిలి లేచింది. నెత్తురు గడ్డకట్టిన ఆ పిడికిలి ముసలాయన ముఖానికి జానెడు దూరంలో ఆగి, అలాగే ఉండిపోయింది. కూతురు అడ్డం రాలేదు. అల్లుడూ రాలేదు.

మేస్త్రీకి దుఃఖం ముంచుకొచ్చింది. పైకి తిరిగి ఉన్న ఆ మొహంలోకి వంగి, పసివాడిలా వెక్కుతూ అడిగాడు. "మా నాన్న గొంతు ఎలా ఉండేది సార్?"