లూసీ గురువారాలు

ఎనభై నాలుగులో టెక్సాస్‌లోని మా యూనివర్సిటీలో తెలుగమ్మాయిలం ఇద్దరమే, నేనూ లూసీ. ఇద్దరిదీ గుంటూరే. మా అమ్మలిద్దరూ ఒకే స్కూల్లో టీచర్లు. లూసీతో తెలుగులో వాగకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. అలాంటి లూసీని లాటినా అమ్మాయిలు, అంటే మెక్సికో లాంటి స్పానిష్ దేశాల మూలాలున్నవాళ్ళు, ఎగరేసుకుపోయారు.

వాళ్ళకో సంఘం ఉంది. ఇల్లు వదిలి చదువుకోవడానికి వచ్చిన లాటినా అమ్మాయిలంతా గురువారం సాయంత్రాలు ఒక గదిలో చేరి కష్టసుఖాలు చెప్పుకుంటారు. లూసీ రంగూ పేరూ చూసి, యోలాండా అనే అమ్మాయి మెక్సికన్ అనుకుని పిలిచింది. ఈ మహాతల్లి వెళ్ళింది. ఇక మానితే ఒట్టు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి, మొహం మాత్రం తేటపడి ఉండేది.

"ఏం మాట్లాడుకున్నారే?" అనడిగితే, "ఏముంది, ఊరికే కబుర్లు" అనేది.

నాకు ఒళ్ళు మండేది. స్పానిష్ ఒక్క ముక్క రాదు దానికి. నా దగ్గర లేని కబుర్లు వాళ్ళ దగ్గరేం ఉన్నాయి?

ఒక గురువారం ఉండబట్టలేక వెళ్ళాను. లూసీ లాటినా కాదని అందరి ముందూ బయటపెడితే పీడా వదులుతుందనుకున్నాను. తలుపు తోసి, ఇది ఇండియా పిల్ల అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పేశాను.

యోలాండా నవ్వింది. "మొదటి రోజే చెప్పింది. ఉండమని మేమే అన్నాం. నువ్వూ కూర్చో."

అప్పుడు చూశాను. లూసీ ఏడుస్తోంది. దాని చెయ్యి యోలాండా చేతిలో ఉంది.

"ఏమైందే?" అన్నాను తెలుగులో.

"పీహెచ్‌డీ క్వాలిఫయింగ్ ఎగ్జామ్ ఫెయిలయ్యాను. జనవరిలోనే."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీకు చెప్తే మీ అమ్మకి రాస్తావు. ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో చెప్తుంది. మా అమ్మ అక్కడే కూర్చోవాలి కదే."

"నేనెందుకు రాస్తాను?"

"నాకు జ్వరమొస్తే రాయలేదా? కార్ డ్రైవ్ చేస్తున్నానని రాయలేదా?"

రాశాను. ప్రేమకొద్దీ రాశాను.

"ఇది మాత్రం రాయకే, నళినీ" అని బతిమాలింది. యోలాండాని అలా బతిమాలే పని లూసీకి ఎప్పుడూ పడలేదు. ఆ యోలాండాని చూస్తే నాకు పుట్టిన కుళ్ళు ఇంతా అంతా కాదు.