స్వామి మీద లేచిన చెయ్యి

మాల వేసుకున్న మనిషిని కొట్టకూడదు, తిట్టకూడదు. ఆ మాటకొస్తే పేరు పెట్టి పిలవనే కూడదు. మెడలో రుద్రాక్షలు పడిన రోజు నుంచీ సొంత బావైనా సరే, స్వామే. ఈ సంగతి కిరీటికి బాగా తెలుసు. తెలిసి తెలిసీ, తన అక్క హైమావతి మొగుడు యలమందని మంచుకొండ మీద నోరు పగిలేట్టు కొట్టాడు.

ఇదంతా మొక్కుతో మొదలైంది. కిందటేడు హైమావతికి కడుపులో గడ్డ తీశారు. మత్తు దిగినా ఆవిడ కళ్ళు తెరవలేదు. డాక్టర్లు గట్టిగా ఏమీ చెప్పడం మానేశారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని యలమంద మొక్కుకున్నాడు. ఆవిడ లేచి కూర్చుంటే శివమాల వేసుకుని, చలికాలం తలుపులు మూసేసే ఒక హిమాలయ శివాలయం పైనున్న శిఖరం దాకా ఒట్టి కాళ్ళతో ఎక్కుతానని. ఆ కొండని ఆయన చూసింది ఫోనులోనే. మర్నాడు హైమావతి కళ్ళు తెరిచి మజ్జిగ అడిగింది.

భట్టిప్రోలులో వరి పండించుకునే మనిషి. కోటప్పకొండ మెట్లు తప్ప ఎత్తన్నది ఎరగడు. ఒంటరిగా ఎట్లా పంపిస్తారు? కిరీటి కూడా బయల్దేరాడు.

రేపల్లెలో కిరీటికి ఐసు ఫ్యాక్టరీ ఉంది. రొయ్యల లారీలకి దిమ్మలు అక్కడి నుంచే వెళ్తాయి. చలికి అలవాటు పడాలని యలమంద రోజూ వచ్చి, దిమ్మలు పేర్చిన గదిలో ఐసు మీద ఒట్టి కాళ్ళతో నిలబడి పంచాక్షరి జపించేవాడు.

"ఎట్టా ఉంది స్వామీ?" అని కిరీటి తలుపు సందులోంచి అడిగేవాడు.

"బానే ఉంది స్వామీ."

"అరికాళ్ళు?"

"అయ్యి ఎప్పుడో సెలవు పెట్టినయ్."

ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ గదిలో గాలి వీచదని, కాళ్ళు మొద్దుబారితే ఒక్క అడుగులో ఎండలోకి రావచ్చని ఇద్దరికీ తట్టలేదు. మంచుని గెలిచేశామనుకున్నారు.

ఆదివారాలు బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్ళి, యూరియా బస్తాల్లో ఇసుక నింపి వీపున కట్టుకుని, కాళ్ళు దిగబడే ఇసుకలో పరుగులు తీసేవారు. చేపలమ్మే ఆవిడ ఒకతె రోజంతా వాళ్ళనే చూసి, "ఎందుకయ్యా స్వాములూ ఈ మోత? లారీకెత్తించుకోకూడదా?" అంది.

తెనాలిలో మాల వేసిన గురుస్వామి రాఘవయ్య గారు మాత్రం మెత్తగా చెప్పారు. "మంచులో బూట్లు వేసుకుంటే దోషం లేదు స్వామీ. నియమం మనిషి కోసమే. ఆ శరీరమూ ఆయనిచ్చిందేగా."

యలమంద తలూపాడు. దళసరి జాకెట్లు, ఉన్ని మేజోళ్ళు, చీలమండ దాకా వచ్చే బూట్లు కొన్నారు. తెనాలి స్టేషన్లో రైలు కదిలే ముందు హైమావతి తమ్ముణ్ణి పక్కకి లాగింది.

"ఒరే, ఆయన తలూపాడంటే ఒప్పుకున్నట్టు కాదు. కాపరం చేసినదాన్ని, నాకు తెలుసు. కాళ్ళతో సహా తీసుకురా. స్వామని మొహమాటపడబాక."

మూసిన గుడి దాకా యలమంద బూట్లతోనే నడిచాడు. బూట్ల కింద ఇనపముళ్ళ పట్టీలు, చేతిలో కర్ర, ముందు గైడు. గుడి దాటాక కొండ గోడలా నిలబడింది. గాలి ఇసుక విసిరినట్టు మంచుని మొహాన కొడుతోంది. నీళ్ళ సీసాలో నీళ్ళు గడ్డ కట్టాయి. కిరీటి ఊపిరి కోసం ఆగి తలెత్తేసరికి, బావ ఒక బండ చాటున కూర్చుని బూట్లు విప్పేస్తున్నాడు.

"ఏంటి స్వామీ అది!"

యలమంద రెండు బూట్లూ, మేజోళ్ళూ కలిపి లోయలోకి విసిరేశాడు. అవి కొండకి తగిలి ఎగిరి, మళ్ళీ తగిలి, కనిపించకుండా పోయాయి. గైడు హిందీలో కేకలు పెట్టాడు. యలమంద లేచి మంచులో అడుగేశాడు. మరో అడుగేశాడు. ఆగమన్నకొద్దీ ఎక్కాడు. కిరీటి పంచె పట్టుకుంటే గుంజుకున్నాడు, అడ్డం నిలబడితే తోసుకుని పోయాడు. చూస్తుండగానే ఆ పాదాలు మైదాపిండి ముద్దల్లా తెల్లబడ్డాయి. వేళ్ళు రాతికి చీరుకుంటున్నా రక్తం రావడం లేదు.

కిరీటి వెనక నుంచి దూకి పడేశాడు. ఇద్దరూ జారారు. యలమంద నుదురు రాతికి కొట్టుకుని మంచు ఎర్రబడింది. అయినా మోకాళ్ళ మీద పైకి పాకబోయాడు.

"వదులు స్వామీ! నేనాగితే ఆవిడ చచ్చిపోద్ది!"

"నువ్వు చస్తే అది బతుకుద్దా బావా!"

చెంప మీద కొట్టాడు. యలమంద లేచాడు. కిరీటి ఈసారి బావ నోటి మీద గుద్దాడు. పన్ను ఊడి గడ్డంలో చిక్కుకుంది. ఇంకా లేవబోతే గుండెల మీద కూర్చుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టాడు. యలమంద ఒక్క దెబ్బా తిరిగి కొట్టలేదు. దీక్షలో కోపం కూడదు కదా. రక్తం ఉమ్ముతూ "నమశ్శివాయ" అంటున్నాడు. అది వింటుంటే కిరీటికి తను కొడుతున్నది ఎవరినో అర్థం కాక ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టాడు.

బావ కదలడం మానేశాక ఆ పాదాల్ని తన జాకెట్టు లోపల కడుపుకి ఆనించుకున్నాడు. ఐసు దిమ్మల్ని కౌగలించుకున్నట్టుంది. తర్వాత మఫ్లరు చుట్టి, గైడు ఇచ్చిన టార్పాలిన్ పట్టాలో కట్టి, శవాన్ని లాగినట్టు కిందికి లాక్కొచ్చారు.

యలమంద ఎడమకాలికి రెండు వేళ్ళు తీసేశారు. ఇంటికొచ్చాక మాటలు తగ్గిపోయాయి. హైమావతి దగ్గితే చాలు, వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడేవాడు. పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. కిరీటి మొహం మాత్రం చూడలేదు.

కిరీటి రోజూ గుడికి పోయి ఒకటే అడిగేవాడు. నేను చేసింది పాపమైతే అక్కడే లోయలో పడెయ్యకపోయావా స్వామీ? కాకపోతే, చెయ్యి చూసుకున్నప్పుడల్లా దాన్ని దాచుకోవాలనిపిస్తుందెందుకు?

శివరాత్రికి మాల తీశారు. ఆ మర్నాడే యలమంద ఆటో దిగి, కుంటుకుంటూ ఐసు ఫ్యాక్టరీలోకి వచ్చాడు. కిరీటి లేచి నిలబడ్డాడు.

"ఇవాళ నేను స్వామిని కాదురా," అన్నాడు యలమంద, చేతికర్ర ఎత్తి.

మొదటి దెబ్బ భుజాన పడింది. తర్వాతిది మోచేతి మీద ఫట్టుమంది. కూలీలు అడ్డం రాబోతే కిరీటే వద్దన్నాడు. "మీ అక్కకేమన్నా అయితే? ఎవడిస్తాడ్రా నాకు? నువ్విస్తావా?" అని అరుస్తూ కొడుతున్నాడు యలమంద. కిరీటి నేల మీద పడ్డాడు. కనుబొమ చిట్లి కంట్లోకి రక్తం దిగింది.

అప్పుడు గేటు లోంచి హైమావతి పరిగెత్తుకుంటూ వచ్చింది. మొగుడు చెప్పకుండా ఆటో ఎక్కాడని తెలిసి వెనకే బస్సు పట్టుకుంది.

"పరిగెత్తబాకే! కుట్లు!" అని యలమంద భయంగా అరిచాడు.

ఆవిడ ఆగకుండా వచ్చి, అందరి ముందూ మొగుడి చెంప ఛెళ్ళుమనిపించింది. మనిషి తూలి ఐసు దిమ్మల మీద కూలబడ్డాడు.

"నా ఊపిరి నీ కాలివేళ్ళల్లో ఉందనుకున్నావా? రోజూ చస్తానేమోనని చూసి చూసి, బతికుండగానే పాడె కట్టేశావ్ గదయ్యా! బతికానా లేదా? చెప్పు!" అని ఇంకోటి వేసింది.

యలమంద చెంప పట్టుకుని ఆవిడని చూశాడు. చెంప మీద వేళ్ళు నాలుగూ తేలాయి. నెల్లాళ్ళుగా బిగుసుకుపోయిన ఆ మొహం, మెల్లిగా, కిరీటి చూస్తుండగానే సడలింది.

"ఒరే కిరీటీ," అన్నాడు, పెదవి తుడుచుకుంటూ. "బలం వచ్చిందిరా దీనికి."